గడ్డం ఉన్న గద్ద

ఏప్రిల్ ఇరవై రెండో తేదీ ఉదయం దెమెత్రియో వేసుకున్న పథకం చాలా చిన్నది. కొండ ఎక్కాలి, ఒక్క గద్దను చూడాలి, చూసినట్టు పుస్తకంలో పేరు రాయించుకోవాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి భోజనం చెయ్యాలి. పది గజాల అవతల ఆయనకు ఏమీ కనపడదన్న ఒక్క సంగతి తప్పిస్తే ఇందులో ఏ చిక్కూ లేదు.

దెమెత్రియో నలభై ఏళ్ళు మంగలి పని చేసినవాడు. ఎదుటివాడి మెడ మీద నూగు ఎటు తిరిగి ఉందో ఇప్పటికీ చెప్పగలడు. గుమ్మంలో నిలబడ్డది ఎవరో మాత్రం వాళ్ళు దగ్గితే గాని తెలియదు. దూరపు చూపు మొదట్నుంచీ అంతంతే, ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు. డాక్టరు కోసి తీసేద్దామన్నాడు. జీవితమంతా పదునైన కత్తితో మనుషుల మొహాల చుట్టూ తిరిగినవాడు గనక, అలాంటిది తన మొహం వైపు రావడానికి దెమెత్రియో ఒప్పుకోలేదు. ఈ సంగతి భార్య లెత్తేరియాకు, పినతండ్రి కొడుకు నీనోకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఒంటిగంటకి వచ్చేస్తావా?" అంది లెత్తేరియా, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"వచ్చేస్తా."

"నిన్నా ఇదే అన్నావ్."

"నిన్న గాలి లేదు. గాలి లేకపోతే గద్దలు రావు."

"మరి మొన్న?"

"మొన్న గాలి ఎక్కువైంది."

"చూడయ్యా, ఎండుచేప నాలుగు రోజులు నానేశాను. అది నీకోసం ఐదో రోజు ఆగదు. నువ్వు రాకపోతే గిన్నెతో సహా నేనే కొండెక్కుతా. ఆ తర్వాత నా మోకాళ్ళ నొప్పికి మందు నువ్వే రాయాలి."

నవ్వుతూనే టోపీ పెట్టుకున్నాడు గాని, దెమెత్రియోకు మిగిలింది ఆ ఒక్క రోజే. ఆ రోజు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మా ఊరి ఆచారం గురించి చెప్పాలి. చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది.

జలసంధికి ఇవతల మా ఊరు, అవతల సిసిలీ. వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చే తేనెగద్దలు సిసిలీ మీదుగా నీళ్ళు దాటి, తిన్నగా మా కొండ మీదికే వస్తాయి. ఆ ఏడు గద్దను కొట్టని పెళ్ళయిన మగవాడికి నెత్తిన కొమ్ములు మొలుస్తాయని మా తాతల కాలం నుంచీ ఒక మాట. అంటే అతని భార్య మరొకడి వైపు చూస్తోందని అర్థం. గద్దకూ భార్యకూ ఏమిటయ్యా సంబంధమని అడిగినవాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. తరవాత చట్టం వచ్చింది, అటవీ పోలీసులు వచ్చారు, తుపాకులు అటకెక్కాయి. కొమ్ముల భయం మాత్రం కిందే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఉత్తరాది నుంచి ఒత్తావియా అనే ఆవిడ వచ్చి కొండ మీద టెలిస్కోపు పెట్టి గద్దల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పక్షుల మీద పెద్ద చదువు చదివింది గనక అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ దగ్గరో పుస్తకం ఉంది. అందులో ఏ పక్షి, ఎన్ని గంటలకు, ముందు చూసి చెప్పింది ఎవరు, అవునన్నది ఎవరు అని గళ్ళు ఉన్నాయి. మా ఊరి మగాళ్ళకు దారి దొరికింది. కొట్టకపోతేనేం, ముందు చూసినట్టు పుస్తకంలో పేరు పడితే చాలు. సాన్ జోర్జో పండుగ నాటికి, అంటే ఏప్రిల్ ఇరవై మూడుకల్లా ఎవరి పేరు పడకపోతే తుపాకుల కాలంలో లాగే వాళ్ళ గుమ్మానికి ఒక జత పొట్టేలు కొమ్ములు బిగిస్తారు. నిన్నటి వేటగాళ్ళు పిలవకుండానే కొండెక్కి ఆకాశం చూస్తుంటే, ఇదంతా తన ఉపన్యాసాల ఫలితమని ఒత్తావియా ఏటా పై అధికారులకు రాసుకునేది.

దెమెత్రియో గుమ్మానికి ఒక్కసారే కొమ్ములు బిగించారు. అది పెళ్ళయిన ఏడు. లెత్తేరియా సిసిలీ పిల్ల, వచ్చి మూడు నెలలైనా కాలేదు. ఆ కొమ్ములు ఊడదీసి మారుమాట లేకుండా పెరటి గోడకు కొట్టుకుని, తువ్వాళ్ళు ఆరేసింది. ఎంత గుండెనిబ్బరమో అని దెమెత్రియో ఆశ్చర్యపోయాడు. కానీ ఆ సాయంత్రం వంటింట్లో ఆమె ఒక్కతే ఏడవడం విన్నాడు. తనను ఏమన్నా పడేవాడే, ఆ మాట భార్య మీదికి వెళ్ళడం మాత్రం తట్టుకోలేకపోయాడు. ఆ తరవాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఏదో ఒక గారడీ చేసి నెట్టుకొచ్చాడు. తుపాకుల కాలంలో అయితే నీనో కొట్టిన గద్దను కొనుక్కున్నాడు. పుస్తకం కాలంలో నీనో పక్కన నిలబడి గిల్లితే, దెమెత్రియో అదిగో అనేవాడు. ఈ ఏడు నీనో మోకాలిచిప్ప మార్పించుకుని ఆసుపత్రిలో పడుకున్నాడు. దెమెత్రియోను గిల్లేవాడు లేడు.

అసలు విడ్డూరం ఏమిటంటే, ఆ ఏడు కొండ మీదికి వచ్చిన ప్రతి గద్దనూ లెక్కపెట్టింది దెమెత్రియోనే. బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె పెరిగే చిన్న యంత్రం ఉంటుంది. ఒత్తావియా టెలిస్కోపులో చూసి "ఏడు" అంటే ఏడుసార్లు, "ఇరవై" అంటే ఇరవైసార్లు నొక్కాలి. మిగతావాళ్ళు పక్షులొచ్చినప్పుడు పైకి చూస్తూ నొక్కడం మరిచిపోయేవారు. దెమెత్రియో ఎన్నడూ మరిచిపోలేదు, పైకి చూసి లాభం లేదు గనక. అలా రెండు వేల మూడు వందల పదహారు గద్దల్ని లెక్కించాడు. ఒక్కదాన్నీ చూడలేదు.

ఆయన పైకి వెళ్ళేసరికి కొండ మీద ముప్ఫై మంది మగాళ్ళున్నారు. వాళ్ళందరి పేర్లూ ఎప్పుడో పడిపోయాయి. వాళ్ళు వచ్చింది గద్దల్ని చూడ్డానికి కాదు, దెమెత్రియోను చూడ్డానికి. బారు యజమాని సాంతో ఏకంగా బారు మూసి, పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీతో వచ్చాడు.

"రా బావా, రా," అన్నాడు సాంతో, కప్పు చేతికిస్తూ. "మంచి జత దొరికింది. ముసలి పొట్టేలువి. రెండు చుట్లు తిరిగున్నాయి. మీ గుమ్మానికి నిండుగా ఉంటాయి."

"ఇంకా సాయంత్రం దాకా టైముంది సాంతో."

"ఉంది ఉంది. మేకులు మాత్రం ఇప్పుడే జేబులో వేసుకున్నా. పండగ రోజు కొట్టు తియ్యరు కదా."

గంట గడిచింది. ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. గంటన్నర గడిచింది. ముప్ఫై మందీ కాఫీ చప్పరిస్తూ దెమెత్రియో మొహం వైపే చూస్తున్నారు. ఆయన ఆలోచించాడు. సూర్యుడున్న వైపు వేలు చూపిస్తే ఎవరూ తేరిపార చూడలేరు. ఉందని చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. అబద్ధమాడడం ఆయనకు అలవాటు లేదు, కానీ పెరటి గోడ మీది తువ్వాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

"అదిగో," అన్నాడు. "టీవీ స్తంభం మీదుగా, ఎండలోకి."

ఒత్తావియా టెలిస్కోపు గబగబా తిప్పింది. "నాకు దొరకడం లేదు. ఇంకెవరైనా చూశారా? రెండో మనిషి అవునంటేనే రాస్తాను."

సాంతో కళ్ళు చికిలించాడు. ఊళ్ళో అందరికన్నా మంచి చూపు తనదని అతనికి పేరు. అవతల సిసిలీలో ఆరేసిన చొక్కాలకు బొత్తాలెన్నో చెప్తానని బారులో పందేలు కాస్తుంటాడు. మంగలి చూసిన పక్షి తనకు కనపడలేదంటే ఆ పేరేం కాను?

"ఆఁ, ఉంది," అన్నాడు సాంతో. "నేను ముందే చూశా. బావ చెప్తాడులే అని ఊరుకున్నా."

సాంతో చూశాక మిగతావాళ్ళు చూడకుండా ఎలా ఉంటారు? అరనిమిషంలో ముప్ఫై వేళ్ళు సూర్యుడి వైపు లేచాయి. ఒత్తావియా మాత్రం అమాయకంగా కలం తీసింది.

"లేతరంగా, ముదురా?"

"నలుపు," అన్నారొకరు.

"ఎరుపు," అన్నారింకొకరు, అదే క్షణంలో.

"రెక్క నలుపు, పొట్ట ఎరుపు," అని సాంతో తగువు తీర్చాడు.

"ఎంత పెద్దది?"

"తలుపంత."

"తోక?"

"పారలాగ. మధ్యలో కోసుగా."

ఒత్తావియా కలం ఆగింది. ఆవిడ మొహంలో రంగు మారింది. "ఇది తేనెగద్ద కాదు. దెమెత్రియో గారూ, ముందు చూసింది మీరు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. తల దగ్గర ఏమైనా గమనించారా?"

తల అనగానే ఆయనకు తెలిసింది ఒక్కటే.

"గడ్డం ఉంది," అన్నాడు. "నాలుగు రోజుల గడ్డం."

ఒత్తావియా కుర్చీలో కూలబడింది. "గడ్డపు రాబందు," అంది, గుడిలో మాట్లాడినంత మెల్లగా. "ఈ కొండల్లో మీ తాతలు కూడా చూసుండరు. పదకొండేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నాను. సరిగ్గా ఆ నిమిషంలో నేను టెలిస్కోపు అద్దం తుడుచుకుంటున్నాను." ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే దెమెత్రియోకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. అప్పటికే ఆవిడ సిసిలీ వైపు లెక్కించే ప్లాచిదోకు ఫోన్ చేసింది.

ఇక్కడ మా రెండు ఒడ్ల సంగతి ఒకటి ఉంది. పక్షులు వచ్చేది అటు నుంచి ఇటు. అందువల్ల ఇటువైపు కనపడ్డ ప్రతిదీ అటువైపు ముందే కనపడి ఉండాలి. కనపడలేదంటే సిసిలీవాళ్ళు నిద్రపోయారని అర్థం. ఇటువాళ్ళతో ఆ మాట అనిపించుకోవడం కన్నా ప్లాచిదో సముద్రంలో దూకేస్తాడు.

"గడ్డపు రాబందా?" అంది ఫోన్లో ప్లాచిదో గొంతు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఆ, ఆ. తొమ్మిదిన్నరకి. ఇప్పుడే రాస్తున్నా."

"మరి ఫోన్ చెయ్యలేదేం?"

"అంత పెద్ద పిట్ట, మీకు మేం చెప్పాలా అనుకున్నాం. అది సరే గాని, మీకు ఒకటే కనపడిందా? మేమైతే రెండు చూశాం."

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు తయారైంది వ్యవహారం. దెమెత్రియో హమ్మయ్య అనుకున్నాడు, ఇంక తన అబద్ధానికి సముద్రం అవతల కూడా సాక్షులున్నారని. కానీ ఒత్తావియా ఫోన్ పెట్టేసి ముప్ఫై మందినీ ఒక్కొక్కరినే చూసింది. ఆవిడ చూపులో ఇందాకటి ఆనందం లేదు.

"అక్కణ్ణుంచి రెండు బయల్దేరాయి," అంది. "ఇక్కడికి ఒకటే వచ్చింది. రెండోదాన్ని ఎవరు కాల్చారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ముప్ఫై మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరి అటక మీద ఏముందో అందరికీ తెలుసు. వెంటనే నలుగురు రెండో రాబందును కూడా చూసినట్టు గుర్తు తెచ్చుకున్నారు. అయితే ఒకడు దాన్ని ఉత్తరానికి పంపాడు, ఒకడు దక్షిణానికి పంపాడు. ఒత్తావియాకు అనుమానం ముదిరి అటవీ పోలీసులకు కబురు చేసింది.

సార్జెంటు ఫుర్నారీ జీపులో పన్నెండున్నరకు వచ్చాడు. పై కొండ ఊరి మనిషి, పెద్ద మీసాలు. వస్తూనే, పక్కన ఆపి ఉన్న సాంతో జీపు వెనక భాగం తెరిచి చూశాడు. దాన్నిండా పెద్ద పెద్ద ఈకలున్నాయి.

"ఏంటివి?"

"సీమకోడి ఈకలండీ. పండగ వంటకి తెచ్చా. కోడి ఇంట్లో ఉంది."

"కోడి ఇంట్లో ఉంటే ఈకలు ఇక్కడెందుకున్నాయ్?"

"దారిలో గొడవ చేసింది సార్. నేనూ, అదీ..."

"మీ నాన్న పేరు నాకు బాగా తెలుసు సాంతో. ఒక్క వసంతంలో యాభై గద్దలు కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పద, స్టేషన్లో మాట్లాడుకుందాం."

సాంతో మొహం పాలిపోయింది. పొద్దుటి నుంచీ మేకులు చూపించి ఏడిపించినవాడే అయినా, చెయ్యని హత్యకు, అందులోనూ పుట్టని పక్షి హత్యకు అతన్ని తీసుకుపోతుంటే దెమెత్రియో చూస్తూ ఊరుకోలేకపోయాడు. యంత్రం చేతిలో పట్టుకునే ముందుకొచ్చాడు.

"సార్జెంటు గారూ, అతన్ని వదిలెయ్యండి. రెండో రాబందు లేదు. మొదటిదీ లేదు. నేనే అబద్ధం చెప్పాను. నాకు శుక్లాలు, మీ మీసాలు కూడా ఇక్కణ్ణుంచి నాకు మసగ్గానే ఉన్నాయి. గద్ద సంగతి దేవుడెరుగు, ఆ టీవీ స్తంభమే నాకు కనపడదు. పేరు కోసం చెప్పాను. డాక్టరమ్మా, నన్ను క్షమించండి."

చెప్పేశాక ఆయనకు ప్రాణం తేలికపడింది. రేపు గుమ్మానికి కొమ్ములు పడితే పడనీ, లెత్తేరియాకు తనే నచ్చజెప్పుకుంటాడు. కానీ జరిగింది వేరు. ముప్ఫై మందీ ఆయన్ను జాలిగా చూశారు.

"బావా," అన్నాడు సాంతో, సార్జెంటు చెయ్యి భుజం మీద ఉండగానే. "నువ్వు చూసుండవు. మేం చూశాం."

"నేను అల్లిందాన్ని నువ్వెలా చూస్తావురా?"

"నువ్వు ఊరికే వేలు చూపించావు. అక్కడ నిజంగానే ఉంది. అది నీ అదృష్టం, లేదా దాని ఖర్మ."

"ఒరే, నిన్ను విడిపించడానికే చెప్తున్నానురా."

"జైలుకైనా పోతా గాని, చూడలేదని మాత్రం అనను."

సార్జెంటు చిరాగ్గా పుస్తకం తీసి, చూసినవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ముప్ఫై చేతులూ లేచాయి. ఒత్తావియా కాస్త తటపటాయించి, ఏదో నీడ లాంటిది తనకూ తగిలినట్టే ఉందని, అద్దం తుడవకుండా ఉంటే తప్పక చూసి ఉండేదాన్నని మెల్లగా చెయ్యెత్తింది. సార్జెంటు అందరి పేర్లూ రాసుకుని గొంతు సవరించుకున్నాడు. అతనిదీ ఈ కొండలే, అతనికీ పెళ్ళయింది.

"వచ్చేదారిలో మలుపు దగ్గర నేనూ చూశాను," అన్నాడు. "గడ్డం స్పష్టంగా ఉంది."

అప్పుడే ఫోన్ మోగింది. రెండో రాబందు గురించి సంతకం పెట్టి వాంగ్మూలం ఇవ్వాలని సార్జెంటు అంతకుముందే కబురు పెట్టి ఉన్నాడు, దాంతో ప్లాచిదో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాడు. రెండోది ప్లాస్టిక్ సంచి అయ్యుండొచ్చట. మొదటిది మాత్రం రాబందేనట, అందులో తిరుగులేదట. దాంతో సాంతో విడుదలయ్యాడు. సార్జెంటు కాగితం మీద చివరి వాక్యం రాసి పైకే చదివాడు: "సదరు పక్షిని కొండపై ఉన్న వారందరూ, దెమెత్రియో అను మంగలి తప్ప, కళ్ళారా చూసియున్నారు."

లేని పక్షిని పుట్టించినవాడు ఆయన. లోకంలో దాన్ని చూడనివాడూ ఆయన ఒక్కడే. దెమెత్రియో ఒక రాతి మీద కూర్చుని తల వంచుకున్నాడు. సాంతో జేబులో మేకులు గలగలమన్నాయి.

లెత్తేరియా పైకి వచ్చేసరికి రెండయింది. తువ్వాలులో చుట్టిన గిన్నె చంకలో పెట్టుకుని, రొప్పుతూ, మధ్యమధ్య ఆగి మోకాళ్ళను తిడుతూ వచ్చింది. జనమంతా రాబందు మళ్ళీ కనపడుతుందేమోనని సముద్రానికి వీపు తిప్పి పై కొండల వైపు చూస్తున్నారు.

"నీతో ఎలా చెప్పాలో తెలీడం లేదు అక్కా," అన్నాడు సాంతో, విచారం మొహాన పులుముకుని. చూపుడువేలూ చిటికెనవేలూ మాత్రం తొడ పక్కన కొమ్ముల్లా లేచి ఉన్నాయి. "ఊరంతా చూసింది. సార్జెంటు గారు చూశారు. సిసిలీలో మీవాళ్ళు చూశారు. మీ ఆయనొక్కడికే కనపడలేదు."

"ఏంటి చూసింది?"

"గడ్డం ఉన్న పెద్ద పిట్టని."

లెత్తేరియా భర్త మొహం చూసింది. ఆ మొహం చూస్తే ఆమెకు సగం కథ అర్థమైంది. గిన్నె రాతి మీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని సముద్రం వైపు తిరిగింది.

"గడ్డం సంగతి నాకు తెలీదు గాని, మరి అవేంటి?"

అందరూ వెనక్కి తిరిగారు. జలసంధి మీద, నీళ్ళను ఒరుసుకుంటూ, ఎదురుగాలికి అలిసిపోయి, తేనెగద్దలు బారులు బారులుగా వస్తున్నాయి. పదీ ఇరవై కాదు, ఆ సీజన్‌లో అంత పెద్ద గుంపు రాలేదు. ఒత్తావియా తుళ్ళిపడి టెలిస్కోపు తిప్పింది. "పది, ఇంకో పది, ఇరవై, ఎడమ పక్క ముప్ఫై..." అంటూ గొంతు చించుకుంది. ముప్ఫై మందీ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. దెమెత్రియో బొటనవేలు దాని పని అది మొదలుపెట్టింది.

గద్దలు గాలికి పైకి లేవలేక కొండ శిఖరాన్ని దాదాపు తాకుతూ దాటుతున్నాయి. వాటిలో ఒకటి తిన్నగా దెమెత్రియో వైపు వచ్చింది. ముందు మసక, తరవాత గోధుమరంగు మచ్చ, తరవాత రెక్కలు. ఆయన తల మీద మంగలి కుర్చీ అంత ఎత్తులో అది ఒక్క క్షణం గాలిలో ఆగింది. దాని పసుపుపచ్చ కన్ను ఆయనకు కనపడింది. రొమ్ము మీద అడ్డచారలు, మెడ దగ్గర గాలికి రేగిన ఒక్కో ఈక కనపడింది. ఎంత అందంగా ఉందో. ఇన్నేళ్ళూ కొని, గిల్లించుకుని, అబద్ధాలాడి, ఎగిరే గద్ద అసలు ఎలా ఉంటుందో తెలియకుండా బతికాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ ఒక్కసారి మాత్రం బొటనవేలు నొక్కడం మరిచిపోయింది.

లెత్తేరియా గద్దను చూడలేదు, ఆయన్నే చూస్తోంది.

గుంపు దాటాక యంత్రంలో అంకె చూశారు. ఆరు వందల పదకొండు. "పన్నెండు," అన్నాడు దెమెత్రియో. "ఒకటి నొక్కలేదు." ఒత్తావియా పుస్తకంలో రాసింది: తేనెగద్దలు, 612. ముందు చూసి చెప్పినవారు, లెత్తేరియా. అవునన్నవారు, దెమెత్రియో.

సాంతో ఆ గళ్ళ మీదికి వంగి చదివాడు. "అవునన్నవాడు లెక్కలోకి రాడు బావా. ఆచారం ఆచారమే."

"సాంతో," అంది లెత్తేరియా. "నాకో సందేహం. గద్దని చూడని మగాడికి కొమ్ములంటే, వాడి పెళ్ళాం తప్పు చేసినట్టు. అంతేగా?"

"పెద్దలు పెట్టింది అక్కా, నేను పెట్టింది కాదు."

"మరి గద్దని చూడని ఆడదానికి?"

"ఆడవాళ్ళకి ఈ ఆచారం లేదు."

"పుస్తకంలో ఇప్పటిదాకా మన ఊరి ఆడదాని పేరు ఒక్కటీ లేదు, అందుకని ఆచారమూ లేదు. ఇప్పుడు నాదుంది. నేను చూశాను, కాబట్టి నా మొగుడు బంగారం. ఇది నేనిప్పుడే దిగి వెళ్ళి రేవు దగ్గర అందరితో చెప్తా." ముప్ఫై మందినీ తీరిగ్గా చూసింది. "మీ పెళ్ళాలెవరైనా చూశారా నాయనా?"

ముప్ఫై మందీ ఒక్కసారే బూట్ల తాళ్ళు సరిచేసుకోవడానికి వంగారు. సార్జెంటు ఫుర్నారీ కూడా టోపీ తీసి లోపల ఏదో వెతుక్కున్నాడు.

మొగుడూ పెళ్ళాలు రాతి మీద కూర్చుని ఎండుచేప కూర తిన్నారు. దిగేటప్పుడు గిన్నె దెమెత్రియో పట్టుకున్నాడు.

"రేపు సాంతో కొమ్ములు తెస్తాడేమో," అన్నాడు సగం దారిలో.

"తేనీ. ఉన్న జత అరిగిపోయింది. రెండోదుంటే దుప్పట్లు కూడా ఆరేసుకోవచ్చు."

"నువ్వు ధైర్యంగా ఉంటావులే. ఆ రోజు సాయంత్రం నువ్వు ఏడ్చింది నేను విన్నాను లెత్తేరియా. ఇన్నేళ్ళూ అందుకే ఈ తిప్పలన్నీ పడ్డాను."

ఆమె ఆగిపోయి ఆయన మొహంలోకి చూసింది. "ఎవరైనా చెప్తే కదయ్యా నాకు తెలిసేది. మా వైపు ఈ పిచ్చి లేదు. పెళ్ళికి ఊరివాళ్ళు తువ్వాళ్ళ కొయ్య ఇచ్చారనుకున్నాను. ఆ సాయంత్రం మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చా. కొమ్ములంటే ఏంటో రెండేళ్ళ తర్వాత సాంతో పెళ్ళాం మిమ్మా చెప్పింది. అప్పటికి అవి గోడకి అలవాటైపోయాయి."

దెమెత్రియో ముప్ఫై ఎనిమిదేళ్ళలో కొన్న గద్దల్ని మనసులో తలుచుకుని, భార్య చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా రాళ్ళు దాటించాడు. రాళ్ళు ఆయనకు దగ్గరే గనక బాగా కనపడ్డాయి. వచ్చే నెల కళ్ళు కోయించుకుంటానని కూడా అన్నాడు.

మర్నాడు సాన్ జోర్జో పండుగ. బారులో పేరు పడనివాళ్ళ చిట్టా అంటించలేదు, ఎవరి గుమ్మానికీ కొమ్ములు పడలేదు. తెల్లారేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా కొండ మీదున్నారు. వెనకాల మొగుళ్ళు కుర్చీలూ గొడుగులూ మోసుకొచ్చి, అదిగో అటు చూడు, కాదు కాదు ఇటు చూడు అంటూ గొంతులు ఎండిపోయేలా వేళ్ళు చూపించారు. సార్జెంటు తన భార్యను సర్కారు జీపులోనే తెచ్చాడు. మహిళల్లో పక్షుల పట్ల ఆసక్తి ఒక్క రోజులో ఊహించనంతగా పెరిగిందని ఒత్తావియా పై అధికారులకు రాసింది.

సాంతో భార్య మిమ్మా ఒక్కతే రాలేదు. ఏం రాలేదని లెత్తేరియా అడిగితే, మొగుడి సంగతి తెలుసుకోవడానికి గద్దలెందుకు, తనకు తెలిసి పదేళ్ళయిందని చెప్పింది.